గడప దగ్గర ఒక్కటే పేరు

*స్పానిష్‌లో ‘ఉయెస్పెద్’ అంటే ఇంటికొచ్చిన అతిథి. ఆ అతిథికి తలుపు తీసి లోపలికి రమ్మన్న మనిషి కూడా ఉయెస్పెదే. పూటకూళ్ల ఇంటి నుంచి దోమ పొట్ట దాకా, గుడి పీఠం నుంచి విమానం దాకా ఈ మాట, దాని తోబుట్టువులు చేసిన ప్రయాణమే ఈ వారం ముఖచిత్ర కథనం.*

జులై నెల. తెల్లవారక ముందే ఇల్లు విడిచి, పగలంతా ఎండన పడి తిరిగిన యాభై ఏళ్ల మనిషి ఒకాయన పొద్దుగూకే వేళకు దారిపక్క పూటకూళ్ల ఇంటి ముందు గుర్రాన్ని ఆపాడు. గుర్రం ఎముకల గూడు. మనిషీ అంతే. ఒంటి మీద తుప్పు వదిలించిన తాతల నాటి కవచం, తల మీద అట్టముక్కతో అతుకేసిన శిరస్త్రాణం. ఆయన కంటికి ఆ పూటకూళ్ల ఇల్లు నాలుగు బురుజుల కోటలా కనిపించింది. గుమ్మంలో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు రాకుమార్తెలయ్యారు. పందుల కాపరి ఊదిన కొమ్ము తన రాకను చాటే భేరీ అయింది. బయటికొచ్చిన లావుపాటి యజమానిని కోట దొరగారూ అని పిలిచాడు.

ఆరోజు శుక్రవారం, మాంసం ముట్టని రోజు. ఇంట్లో ఉన్నది కాస్త ఎండుచేప. శిరస్త్రాణాన్ని కట్టిన ఆకుపచ్చ రిబ్బన్లు ముడిపడిపోయి ఊడి రావడం లేదు, కోయడానికి ఆయన ఒప్పుకోవడం లేదు. రెండు చేతులతో ముఖం మీది తొడుగును పైకెత్తి పట్టుకుంటే, ఆడవాళ్లలో ఒకామె ముద్దలు నోట్లో పెట్టింది. మరి ద్రాక్షసారా తాగేదెట్లా? యజమాని ఒక రెల్లుకర్ర తెచ్చి, లోపల తొలిచి గొట్టం చేసి, ఒక కొస ఆయన నోట్లో ఉంచి రెండో కొసలోంచి నెమ్మదిగా పోశాడు. మర్నాడు పైసా అడక్కుండా సాగనంపాడు.

ఆ అతిథి దోన్ కిహోతె. మన పుస్తకాల్లో డాన్ క్విక్సోట్ అని రాసేది ఈయన పేరే. మిగేల్ దె సెర్వాంతెస్ నవల మొదటి భాగం 1605లో అచ్చయింది. ఈ ఘట్టంలో సెర్వాంతెస్ ఆ యజమానిని కొన్నిచోట్ల ‘వెంతేరో’ అన్నాడు, అంటే పూటకూళ్లవాడు. కొన్నిచోట్ల ‘ఉయెస్పెద్’ అన్నాడు. ఈనాడు స్పెయిన్‌లో ఏ హోటల్ కౌంటర్ దగ్గరైనా ఉయెస్పెద్ అంటే గది తీసుకున్న మనిషి. నాలుగు వందల ఏళ్లలో ఆ మాట నడిచిన దూరం ఒక్క గడప. కానీ అవతలి వైపును పూర్తిగా వదిలిపెట్టలేదు. స్పానిష్ భాషా అకాడమీ నిఘంటువులో ఈ రోజుకీ రెండర్థాలూ ఒకే పదం కింద ఉన్నాయి. ఇంటికి వచ్చినవాడు ఉయెస్పెద్. వచ్చినవాడికి చోటిచ్చినవాడూ ఉయెస్పెదే.

పక్కా లెక్కలకు పేరుపడ్డ నిఘంటువు ఇద్దరు మనుషుల్ని ఒకే పేరుతో పిలవడం చూస్తే మొదట పొరపాటేమో అనిపిస్తుంది. మాట వెంట కొంత దూరం నడిస్తే, మనుషులు చాలా పాతకాలంలోనే తెలుసుకున్న ఒక సంగతి అందులో దాగి ఉందని తెలుస్తుంది.

మన ‘పతి’కి దూరపు చుట్టం

ఉయెస్పెద్‌కు తల్లి లాటిన్‌లోని ‘హోస్పెస్’. అక్కడ కూడా అతిథికీ, అతిథేయికీ ఒక్కటే మాట. భాషావేత్తలు దాన్ని రెండు ముక్కలుగా విడదీసి చూస్తారు. మొదటిది ‘హోస్తి’, అంటే బయటినుంచి వచ్చిన మనిషి. రెండోది ‘పొత్’, అంటే అధిపతి. ఈ రెండోది మనం రోజూ వాడే మాటకు దగ్గరి బంధువు. సంస్కృతం నుంచి మనకు వచ్చిన ‘పతి’, లాటిన్ ‘పొత్’ ఒకే మూలానికి పుట్టినవి. గృహపతి, సభాపతి, దంపతులు అన్నప్పుడల్లా మనం పలికేది ఆ ముక్కనే. అలా చూస్తే హోస్పెస్ అంటే వచ్చినవారికి పతి, వాళ్ల బాగోగులు తన బాధ్యత అనుకునేవాడు.

అలాంటప్పుడు వచ్చినవాడికి కూడా అదే పేరు ఎందుకు? పాత రోమ్‌లో ఆతిథ్యం ఒక పూట భోజనంతో తీరేది కాదు. ఈ ఊళ్లో నేను నీకు చోటిస్తే, మీ ఊరొచ్చినప్పుడు నువ్వు నాకు చోటివ్వాలి. నా కొడుక్కి నీ కొడుకు ఇవ్వాలి. వియ్యానికి వియ్యంలాంటి బంధం అది. మన దగ్గర పిల్లనిచ్చినవాడూ వియ్యంకుడే, చేసుకున్నవాడూ వియ్యంకుడే. ఇటు నుంచి అటు పిలిచినా, అటు నుంచి ఇటు పిలిచినా పిలుపు మారదు. హోస్పెస్ సరిగ్గా అలాంటి పిలుపు.

మన అతిథి, అతిథేయి అన్న మాటలు కూడా ఒకే వేరు నుంచి వచ్చినవే, చివర ప్రత్యయం మాత్రమే వేరు. విచిత్రమేమిటంటే, ‘అతిథేయి’ పుస్తకాల్లోనే తప్ప నోటి మాటలో వినిపించదు. పెళ్లికి వెళ్లొచ్చిన వాళ్లు ఇంటివాళ్లు బాగా చూసుకున్నారు అంటారు గానీ, అతిథేయులు బాగా చూసుకున్నారని ఎవరూ అనరు. మనకు అతిథేయి అంటే ఇంటివాళ్లు, అంతే. ఇల్లే ఆ మనిషికి పేరు.

హోస్పెస్ సంతానం మాత్రం మన వీధుల్లోకి ఎప్పుడో వచ్చేసింది. హాస్పిటల్, హాస్టల్, హోటల్ మూడూ ఆ లాటిన్ ఇంటి పిల్లలే. హాస్పిటల్లో పుట్టి, హాస్టల్లో ఉండి చదువుకుని, హోటల్లో ఇడ్లీ తినే తెలుగువాడు ఆ మాటను బతుకంతా వాడుతూనే ఉంటాడు.

స్త్రీలింగంలో ఇది ‘ఉయెస్పెదా’ అవుతుంది. పాత సామెతల్లో ఉయెస్పెదా అంటే అచ్చంగా మన పూటకూళ్లమ్మ. ఆమెను అడక్కుండా లెక్కలు వేసుకోవడం అని స్పానిష్‌లో ఒక జాతీయం ఉంది. తిన్నదానికి ఎంతవుతుందో మనసులో మనమే తేల్చేసుకుంటే సరిపోదు, చివరికి చెప్పవలసింది ఆవిడ. ఎదుటి మనిషి మాట కలపకుండా వేసుకున్న పథకాలన్నిటికీ ఆ జాతీయం వాడతారు. అతిథీ చేపా మూడోనాటికి కంపు కొడతారన్న సామెత కూడా వాళ్లకు ఉంది.

చుట్టమై వచ్చి, దయ్యమై పట్టి

హోస్పెస్‌లోని మొదటి ముక్క ‘హోస్తి’ విడిగా ఇంకో మాటకు జన్మనిచ్చింది. అది ‘హోస్తిస్’. మన పూర్వుల కాలంలో ఈ మాటకు పరదేశి అని అర్థం ఉండేదని రోమన్ వక్త సిసెరో రాసిపెట్టాడు. ఆయన కాలానికే ఆ అర్థం చెరిగిపోయి శత్రువు అన్న అర్థం స్థిరపడింది. ఒకే గింజ నుంచి ఆతిథ్యమూ మొలిచింది, వైరమూ మొలిచింది. ఊరి బయట నిలబడ్డ ముక్కూ మొహం తెలియని మనిషి ఏమవుతాడన్నది, తలుపు తీసేవాడి మీదా తట్టేవాడి మీదా కలిసి ఆధారపడి ఉంటుంది.

హోస్తిస్ స్పానిష్‌లోకి ‘ఉయెస్తె’గా దిగింది. అంటే సేన, దండు. మధ్యయుగపు వీరగాథల్లో ఎల్ సిద్ అనే వీరుడి వెంట నడిచినవి ఉయెస్తెలే. ఈనాటి పత్రికల్లో రాజకీయ నాయకుడి అనుచరగణాన్నీ అదే మాటతో రాస్తారు. క్రైస్తవ గురువులు సైతానును లాటిన్‌లో ‘పాత శత్రువు’ అనేవారు. ఆ మాట జనం నోట్లో పడి ‘పాత సేన’ అయింది, మరింత అరిగి ‘ఎస్తాన్తిగువా’ అయింది. ఎస్తాన్తిగువా అంటే రాత్రిపూట దారిన పోయే ప్రేతాల ఊరేగింపు. ఉత్తర స్పెయిన్‌లోని అస్తూరియాస్ పల్లెల్లో ఆ ఊరేగింపును ‘గువెస్తియా’ అంటారు. అదీ ఈ వేరు మాటే.

చుట్టమై వచ్చి దయ్యమై పట్టుకున్నట్టు అని మనకొక సామెత ఉంది. మనం ఒక వాక్యంలో చెప్పినదాన్ని స్పానిష్ ఒక పదం జీవితంలో చూపించింది.

ఇదే వరుసలో ఇంకో జాతీయం. అతిగా అనుమానపడే మనిషిని, వాడి వేళ్లే వాడికి ఉయెస్పెద్‌లుగా కనిపిస్తాయి అంటారు. తన చేతికి ఉన్న వేళ్లను చూసి కూడా, ఎవరో పరాయివాళ్లు వచ్చి కూర్చున్నారని ఉలిక్కిపడే మనిషన్నమాట. అనుమానం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి బొమ్మ నాకు ఏ భాషలోనూ తారసపడలేదు.

విందు పెట్టినవాడే అసలువాడు

ఉయెస్పెద్ మెల్లగా అతిథి వైపు ఒరిగిపోయాక, అతిథేయికి వేరే పేరు కావలసి వచ్చింది. ఆ పేరు గ్రీకు పురాణంలోంచి వచ్చింది, అదీ పాపం మోసపోయిన ఒక భర్త పేరు. అన్‌ఫిత్రియోన్.

గ్రీకు కథలో ఈయన సేనాపతి. యుద్ధానికి వెళ్లాడు. దేవతల రాజు జ్యూస్ అచ్చం ఆయన రూపంలోనే ఇంటికి వచ్చి, ఆయన భార్య అల్క్‌మీన్‌తో రాత్రి గడిపాడు. అహల్య దగ్గరికి గౌతముడి వేషంలో వచ్చిన ఇంద్రుడు మనకు వెంటనే గుర్తుకొస్తాడు. అక్కడ శాపం పడింది. ఇక్కడ హెర్క్యులిస్ పుట్టాడు. లాటిన్ నాటకకర్త ప్లౌతుస్ ఈ కథను నవ్వులాటగా మలిచాడు. 1668లో ఫ్రాన్స్‌లో మోలియేర్ మళ్లీ రాశాడు. ఆ నాటకంలో ఒకే రూపంతో ఇద్దరు యజమానులు ఎదురెదురుగా నిలబడినప్పుడు ఎవరు అసలువాడో తేలక అందరూ తికమకపడతారు. సేవకుడు సోసీ మాత్రం తేలిగ్గా తేల్చేస్తాడు. ఎవరింట భోజనం దొరుకుతుందో ఆయనే అసలు యజమాని అంటాడు.

ఆ ఒక్క మాటతో ఫ్రెంచివాళ్లకు విందు ఇచ్చే మనిషి ఆంఫిత్రియోన్ అయిపోయాడు. ఫ్రెంచ్ మీదుగా అది స్పానిష్‌కు చేరింది. సోసీ కూడా ఊరికే పోలేదు. నాటకంలో అతడి రూపంలోనూ ఒక దేవుడు దిగివస్తాడు. అందుకని అచ్చుగుద్దినట్టు ఒకే పోలికతో ఉన్న మనిషిని స్పానిష్‌లో ‘సోసియాస్’ అంటారు. ఒక్క నాటకం భాషకు రెండు మాటలిచ్చింది.

ఇప్పుడు అన్‌ఫిత్రియోన్ హోదా ఉన్న మాట. విందుకు పిలిచిన గృహస్థు మొదలుకుని దేశాల దాకా దీన్నే వాడతారు. 1992 వేసవి ఒలింపిక్స్‌కు బార్సిలోనా ‘అన్‌ఫిత్రియోనా’ నగరం. నగరం స్త్రీలింగం కాబట్టి మాటకు చివర ‘ఆ’ చేరింది. 1982 ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌కు స్పెయిన్, 1970, 1986 కప్పులకు మెక్సికో ఆతిథ్యమిచ్చాయి. 2026తో మెక్సికోకు ఆ గౌరవం మూడోసారి. పత్రికల శీర్షికల్లో ఆతిథ్య జట్టును వట్టిగా అన్‌ఫిత్రియోన్ అని రాసేస్తారు. మోసపోయిన సేనాపతి పేరు స్టేడియం బోర్డుల మీదికి ఎక్కింది.

దోమ ఇంటికి మనం, మన ఇంటికి దోమ

ఇంటి వాడుకలో అతిథిగా మారిన ఉయెస్పెద్, జీవశాస్త్రంలో మాత్రం పాత చోటు వదల్లేదు. అక్కడ ఉయెస్పెద్ అంటే పరాన్నజీవికి తన ఒంట్లో చోటిచ్చిన ప్రాణి. తెలుగు మీడియం పాఠ్యపుస్తకాల్లో దాన్నే అతిథేయి అని చదువుకున్నాం. నోటి మాటలో బతకని అతిథేయి మన దగ్గర సైన్సు పాఠంలో బతికింది. స్పానిష్ విద్యార్థులు మాత్రం తికమకపడతారు. రాత్రి ఇంటికి వచ్చిన ఉయెస్పెద్‌కు పక్క వేసి, పొద్దున బడికెళితే పాఠంలో ఉయెస్పెద్ ఇంకొకరికి చోటిస్తూ కనిపిస్తుంది. ఈ గందరగోళం వద్దని కొందరు శాస్త్రవేత్తలు ‘ఒస్పెదదోర్’ అని, పంటల తెగుళ్లు చూసేవాళ్లు ‘ఒస్పెదేరో’ అని వేరు మాటలు తెచ్చారు. అయినా పాత మాట పోలేదు.

1881లో క్యూబా రాజధాని హవానాలో కార్లోస్ ఫిన్లే అనే వైద్యుడు అక్కడి సైన్స్ అకాడమీ ముందు నిలబడి, పచ్చజ్వరాన్ని ఒక జాతి దోమ మోసుకొస్తోందని చెప్పాడు. దాదాపు ఇరవై ఏళ్లు ఎవరూ నమ్మలేదు. 1900లో వాల్టర్ రీడ్ నాయకత్వంలో క్యూబా వచ్చిన అమెరికా సైనిక వైద్యుల బృందం ప్రయోగాలు చేసి, ఆయన చెప్పింది నిజమేనని తేల్చింది. ఆ దోమ పేరు ఈనాడు మన ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు. డెంగీ తెచ్చే ఏడిస్ ఈజిప్టై అదే.

ఈ రెండు సంగతుల మధ్య కాలంలో, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ మలేరియా రోగి రక్తం తాగిన దోమను కోసి, దాని పొట్ట గోడల్లో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఆ తేదీని ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటారు. అప్పటినుంచి శాస్త్రం మలేరియాకు రెండు ఇళ్లు లెక్కగట్టింది. పరాన్నజీవికి మనిషి మధ్యస్థ అతిథేయి, దోమ అంతిమ అతిథేయి. లైంగిక దశ ఎవరి ఒంట్లో పూర్తయితే వాళ్లే అంతిమ అతిథేయి. మనం దోమను పిలవని పేరంటంగా వచ్చిందని తిట్టుకుంటాం. పరాన్నజీవి వైపు నుంచి చూస్తే సొంతిల్లు దోమది, దారిలో తగిలే సత్రం మనం.

ఆస్పత్రి గదిలోనూ ఇదే మాట వినిపిస్తుంది. వేరొకరి ఎముక మూలుగ ఎక్కించినప్పుడు ఆ కొత్త కణాలు ఒక్కోసారి రోగి శరీరం మీదే తిరగబడతాయి. ఆ జబ్బు స్పానిష్ పేరులో రోగి శరీరం ఉయెస్పెద్. అదే ఆస్పత్రి కంప్యూటర్ గదిలో, ఒక యంత్రం లోపల ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ నడుపుతుంటే, చోటిచ్చిన యంత్రం అన్‌ఫిత్రియోన్, లోపల నడిచేది ఉయెస్పెద్. వార్డులో చోటిచ్చినవాడు, నాలుగు తలుపుల అవతల చోటు తీసుకున్నవాడు. ఒకే కప్పు కింద మాట రెండు వైపులా నిలబడి ఉంటుంది.

పీఠం మీది అప్పం, వీధిలోని తిట్టు

ఈ మాటల పక్కనే నిలబడి, చూపరులకు తోబుట్టువులా కనిపించే ఇంకో పదం ‘ఓస్తియా’. ఇంగ్లిష్‌లో దీన్నీ హోస్ట్ అనే అనువదిస్తారు. అర్థం మాత్రం పూర్తిగా వేరు. లాటిన్‌లో ‘హోస్తియా’ అంటే బలిపశువు. క్రీస్తు తనను తాను బలి ఇచ్చుకున్నాడన్న విశ్వాసంతో, పూజలో పంచే పలుచటి అప్పానికి ఆ పేరు వచ్చింది. మన కతోలిక గుళ్లలో దివ్యసత్ప్రసాదంగా నాలుక మీద పెట్టేది అదే.

అందులో ఉండేవి గోధుమపిండి, నీళ్లు. పులియబెట్టే పనిలేదు, ఉప్పు లేదు. జారుగా కలిపిన పిండిని కాలిన రెండు ఇనుప పలకల మధ్య పోసి నొక్కితే కాగితంలాంటి రేకు వస్తుంది. దాన్ని కాస్త చెమ్మ తగలనిచ్చి గుండ్రంగా కోస్తారు. స్పెయిన్‌లో చాలాకాలంగా ఈ పని సన్యాసినుల మఠాల్లో జరుగుతోంది. గుండ్రాలు కోశాక మిగిలిన అంచుముక్కల్ని సంచుల్లో పోసి అమ్ముతారు. బయటి మనుషులకు మొహం చూపని మఠాల్లో, గోడలో అమర్చిన గుండ్రటి చెక్క అరను తిప్పుతారు. డబ్బు ఇటునుంచి లోపలికి, సంచి అటునుంచి బయటికి. అమ్మినవారెవరో కొన్నవారికి కనిపించదు. అతిథీ అతిథేయీ ఒకరినొకరు చూసుకోని గడప అది. పూజ సంగతి పక్కన పెడితే, ఇలాంటి పలుచటి రేకులనే కొలంబియాలో ‘ఒబ్లేయా’లంటారు. రెండు రేకుల మధ్య కాచి చిక్కబరిచిన తీపి పాలకోవా పూసి వీధుల్లో అమ్ముతారు.

ఇంత పవిత్రమైన మాటను స్పెయిన్ జనం తిట్టుగా కూడా వాడతారు. కాలి మీద ఏదైనా పడితే నోటివెంట వచ్చేది ఓస్తియా. చెంపదెబ్బ ఓస్తియా. ఆట అదిరిపోయిందంటే అది ‘లా ఓస్తియా’. కోపిష్టివాడికి ఉన్నది ‘మాలా ఓస్తియా’, అంటే చెడ్డది. సముద్రం దాటి మెక్సికో, కొలంబియాలకు పోతే ఈ వాడుక పలచబడి, మాట మళ్లీ గుళ్లోకి వెళ్లిపోతుంది. మతం ఊరి బతుకులో ఎంత లోతుగా పాతుకుంటే తిట్లు కూడా అందులోంచే అంతగా పుట్టుకొస్తాయి. స్పెయిన్‌లో పలికే ఓస్తియా దానికి సాక్ష్యం.

పళ్లెం పట్టిన చెయ్యి, మైకు పట్టిన చెయ్యి

ఇంగ్లిష్‌లో ఎయిర్ హోస్టెస్ అనే, విమానంలో నీళ్లిచ్చే అమ్మాయిని స్పెయిన్‌లో ‘అథఫాతా’ అంటారు. ఈ మాట అరబ్బుల నుంచి వచ్చింది. అరబిక్‌లో ‘సఫత్’ అంటే బుట్ట. స్పెయిన్‌లో అది పళ్లేనికి పేరైంది. రాణిగారికి బట్టలూ నగలూ పళ్లెంలో పట్టుకుని నిలబడే దాసి అథఫాతా అయింది. రాచరికపు అంతఃపురంతోపాటు మాట కూడా మరుగున పడిపోయింది. 1946లో ఐబీరియా విమాన సంస్థ తన మొదటి విమాన పరిచారికలకు పేరు వెతుకుతూ దాన్ని దుమ్ము దులిపి బయటికి తీసింది. లాటిన్ అమెరికాలో కొన్నిచోట్ల ఆ అమ్మాయిని ‘ఆయెరొమోసా’ అంటారు, గాలిలో పనిచేసే పిల్ల అని. బుట్ట నుంచి పళ్లేనికి, పళ్లెం నుంచి రాణివాసానికి, అక్కడినుంచి ఆకాశానికి ఎదిగిన మాట ఇది.

ఇంగ్లిష్‌లో హోస్ట్ అనే, టీవీ కార్యక్రమం నడిపే మనిషికి స్పెయిన్‌లో ‘ప్రెసెంతదోర్’ అని పేరు. మెక్సికోలో ‘కొందుక్తోర్’ అంటారు. అదే మాటకు బండి నడిపేవాడన్న అర్థమూ ఉంది. మన ఆర్టీసీ బస్సులో కండక్టర్ టికెట్టు కొడతాడు, వాళ్ల బస్సులో కొందుక్తోర్ స్టీరింగు పడతాడు, వాళ్ల టీవీలో మైకు పడతాడు. చిలీలో అయితే ‘అనిమదోర్’, జీవం పోసేవాడు. ఆ పేరుకు నిండుగా తగిన మనిషి దోన్ ఫ్రాన్సిస్కో. అసలు పేరు మారియో క్రోయిట్స్‌బెర్గర్. 1962లో చిలీలో మొదలుపెట్టిన శనివారపు కార్యక్రమాన్ని, 1986లో మయామీకి తీసుకెళ్లి, 2015 దాకా 53 ఏళ్లు నడిపాడు. అమెరికా ఖండాల్లో స్పానిష్ మాట్లాడే ఇళ్లలో అన్నేళ్లూ శనివారం సాయంత్రమంటే ఆయనే. వారం వారం ముందుగదిలోకి వచ్చిన ఆ మనిషి, నిజానికి ఆ ఇళ్లకు అతిథి. ఇంగ్లిష్ మాత్రం ఆయన్ను హోస్ట్, అంటే అతిథేయి అంటుంది.

గిన్నెలో ఉన్నది పంచుకునే దారి

ఉత్తర స్పెయిన్‌లో సాంతియాగో గుడికి నడిచి వెళ్లే పాత యాత్రాదారి ఉంది. మధ్యయుగాల నుంచి ఆ దారి పొడవునా ‘ఒస్పితాల్’లు వెలిశాయి. ఆనాటి ఒస్పితాల్ అంటే మందులిచ్చే చోటు కాదు, నడిచి నడిచి కాళ్లు బొబ్బలెక్కిన మనిషికి పడకా, చారూ ఇచ్చే సత్రం. సాంతియాగో గుడి ఎదుట, రాణి ఇసబెల్, రాజు ఫెర్నాందో 1499లో కట్టమని ఆజ్ఞ ఇచ్చిన పెద్ద ఒస్పితాల్ ఇప్పుడు ప్రభుత్వ హోటలు. మాట తన సంతానంలో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఇంటిని అప్పగించింది.

2024లో ఆ దారిన నడిచి సాంతియాగోలో నమోదైనవాళ్లు దాదాపు 5 లక్షలు. వాళ్లకు రాత్రి చోటిచ్చే స్వచ్ఛంద సేవకుల్ని ‘ఒస్పితలేరో’ అంటారు. వాళ్లలో చాలామంది ఒకప్పుడు అదే దారిన నడిచినవాళ్లే. ఎవరో తమకు ఇచ్చిన చారును ఇంకెవరికో తిరిగి ఇస్తున్నారు. గ్రన్యోన్ అనే చిన్న ఊళ్లో చర్చి గోపురం లోపల నేల మీద పరుపులు పరుస్తారు. మెట్ల దగ్గర ఒక పెట్టె తెరిచే ఉంటుంది. ఇవ్వగలిగితే ఇందులో వేయండి, అవసరమైతే తీసుకోండి అని దాని మీద రాసి ఉంటుంది. ఇచ్చే చెయ్యీ తీసుకునే చెయ్యీ ఒకే పెట్టెలోకి దిగుతాయి. ఉయెస్పెద్ అన్న మాటకు ఆ పెట్టెను మించిన వ్యాఖ్యానం లేదు.

పిస్తోలులో నీళ్లు

అదే దేశంలో ఇంకో కొసన ఇంటివాళ్లకు విసుగొచ్చింది. 2024లో స్పెయిన్‌కు వచ్చిన విదేశీ యాత్రికులు సుమారు 9 కోట్ల 40 లక్షలు. దేశ జనాభా 5 కోట్లకు కాస్త తక్కువ. ఆన్‌లైన్‌లో ఇల్లు అద్దెకిచ్చే సంస్థల స్పానిష్ పేజీల్లో ఇంటి యజమాని అన్‌ఫిత్రియోన్, వచ్చినవాడు ఉయెస్పెద్. పాత గౌరవాలన్నీ రసీదు మీద అచ్చవుతాయి. అన్‌ఫిత్రియోన్ మాత్రం చాలాసార్లు ఆ ఇంట్లో ఉండడు, ఆ ఊళ్లోనే ఉండడు. తాళంచెవి గోడకు బిగించిన అంకెల పెట్టెలో దొరుకుతుంది. పై అంతస్తులో అద్దె కట్టలేక ఖాళీ చేసిన కుటుంబం ఊరి అంచుకు పోతుంది. కింద రొట్టెల దుకాణం సామాన్లు భద్రపరిచే గది అవుతుంది.

2024 జూన్‌లో బార్సిలోనా మేయర్ జౌమె కొల్‌బోని ఒక నిర్ణయం ప్రకటించారు. నగరంలో యాత్రికులకు అద్దెకిచ్చే 10,101 ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత పొడిగించబోమని చెప్పారు. తరవాతి నెలలో వీధుల్లోకి వచ్చిన నిరసనకారులు, బయట కూర్చుని భోంచేస్తున్న పర్యాటకుల మీద ప్లాస్టిక్ పిస్తోళ్లతో నీళ్లు చిమ్మారు. 1992లో ప్రపంచమంతటికీ అన్‌ఫిత్రియోనా అనిపించుకున్న ఊరది.

ఆ నీళ్లు పడ్డవాళ్ల తప్పేమీ లేదు. చిమ్మినవాళ్ల బాధలో అబద్ధమూ లేదు. రెండువేల ఏళ్ల కిందట హోస్పెస్, హోస్తిస్ విడిపోయిన చోటు అదే. ఇంటివాడు కనబడని ఇంట్లో అతిథి అతిథిగా ఉండలేడు. తిరుగు ప్రయాణంలో మా ఊరు రండి అని చెప్పడానికి అవతల మనిషే లేనప్పుడు ఆ బంధం తెగిపోతుంది. మిగిలేది అద్దె.

మీ ఇల్లు ఫలానా వీధిలో

మెక్సికోలో మర్యాదస్తుణ్ని మీరెక్కడ ఉంటారని అడిగితే, మీ ఇల్లు ఫలానా వీధిలో ఉంది అంటాడు. కొత్తవాళ్లు బిత్తరపోతారు, మా ఇల్లు ఆ వీధిలో లేదే అని. ఆయన చెబుతున్నది తన ఇంటి గురించే. మీతో మాట్లాడుతున్నప్పుడు ఆ ఇల్లు మీది. మనం మీ ఇల్లే అనుకోండి అని గుమ్మంలో అనే మాటను వాళ్లు చిరునామాలోనే కలిపేశారు.

ఆ మెక్సికోలో ఏటా డిసెంబరు 16 నుంచి 24 వరకు తొమ్మిది రాత్రులు ‘పొసాదా’లు జరుగుతాయి. పొసాదా అంటే బస. నిండు గర్భిణి అయిన మరియమ్మను గాడిద మీద ఎక్కించుకుని, యోసేపు ఇంటింటికీ తిరిగి చోటడిగిన కథకు ఇది ఆట. 16వ శతాబ్దంలో మెక్సికో నగరానికి దగ్గరలోని అకోల్మాన్ మఠంలో అగస్టీనియన్ సాధువులు మొదలుపెట్టిన ఆచారమని చెబుతారు.

చీకటి పడుతుంది. వీధివాళ్లంతా కొవ్వొత్తులు పట్టుకుని, మట్టి బొమ్మలు మోసుకుంటూ ఒక ఇంటి ముందు ఆగుతారు. తలుపు మూసి ఉంటుంది. బయటివాళ్లు చోటివ్వమని పాడతారు. లోపలివాళ్లు ఇవ్వమని పాడతారు. దూరం నుంచి వచ్చామంటే, ఏ దొంగవో ఎవరికి తెలుసంటారు. భార్య అలసిపోయిందంటే, పోకపోతే కొడతామంటారు. తలుపుకు అటూ ఇటూ పాట చరణానికి చరణంగా నడుస్తుంది. చలికి చిన్నపిల్లలు అమ్మల కొంగుల్లో దూరతారు. కొవ్వొత్తి మైనం కారి వేళ్ల మీద పడుతుంది. చివరి చరణాల్లో లోపలివాళ్లకు వచ్చిందెవరో తెలుస్తుంది. గడియ తీసిన చప్పుడవుతుంది. ఒక్కసారిగా పాట వరస మారుతుంది, అటూ ఇటూ ఉన్నవాళ్లు కలిసి ఒకే పాట పాడుతూ లోపలికి నడుస్తారు. జామకాయలూ చెరకు ముక్కలూ దాల్చినచెక్కా వేసి మరిగించిన వేడి పానకం గ్లాసుల్లోకి వస్తుంది. పిల్లలు కళ్లకు గంతలు కట్టుకుని, పైన వేలాడే ఏడు కొమ్ముల పిన్యాతాను కర్రతో పగలగొడతారు.

హోస్తిస్ నుంచి హోస్పెస్ దాకా ఉన్న దారిని ఆ వీధి పది నిమిషాల్లో నడిచేస్తుంది. అనుమానం, బెదిరింపు, గుర్తుపట్టడం, గడియ, పానకం. తలుపు లోపల నిలబడి కసిరినవాళ్లను ఎవరూ తప్పుపట్టరు. ఎందుకంటే తొమ్మిది రాత్రులకు చాలా వీధుల్లో తొమ్మిది ఇళ్లు వంతు తీసుకుంటాయి.

మర్నాడు చీకటి పడేసరికి ఆ ఇంటివాళ్లు తమ తలుపుకు తాళం వేసి, కొవ్వొత్తులు వెలిగించుకుని వీధిలోకి వస్తారు. నాలుగిళ్ల అవతల ఒక తలుపు మూసి ఉంటుంది. ఈసారి చోటడగవలసింది వాళ్లు.